ప్రాజెక్టు ఫైలు నిండింది.. పిల్లాడు ఏం వెతికాడు?

రాత్రి పదింటికి పిల్లాడికి గుర్తొస్తుంది, రేపు స్కూల్లో ప్రాజెక్టు ఇవ్వాలని. అబ్బా బండి తీసి జిరాక్స్ షాపుకి పరుగెడతారు. నెట్‌లో దొరికిన నాలుగు పేజీలు ప్రింట్ తీయించి, రంగు బొమ్మలు అంటిస్తే ఫైలు రెడీ. ఇప్పుడైతే షాపు దాకా వెళ్లే పని కూడా లేదు. ఫోన్‌లో ఏఐని అడిగితే నిమిషంలో రాసిస్తోంది. మార్కులు పడుతున్నాయి కానీ పిల్లాడు వెతికింది ఏమీ లేదు.

తెలంగాణ పదో తరగతిలో సబ్జెక్టుకు 80 మార్కులు రాత పరీక్షకి, 20 ఇంటర్నల్స్‌కి. ప్రాజెక్టు ఆ ఇరవైలోకే వస్తుంది. ఈ మార్కులు అడిగినోళ్లకి అడిగినన్ని వేసేస్తున్నారన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. 2024 నవంబరులో ప్రభుత్వం ఇంటర్నల్స్ ఎత్తేస్తామని ప్రకటించి, వెంటనే ఆ ఏడాదికి పాత పద్ధతే ఉంచింది. మార్కుల సంగతి సర్కారు చూసుకుంటుంది. వెతకడం రాకపోతే వచ్చే నష్టం మాత్రం పిల్లలదే.

అసలు వెతకడం అంటే ఏమిటి? హైదరాబాద్‌లో అందరికీ తెలిసిన మూసీనే తీసుకుందాం. 2025 సెప్టెంబరులో నది పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. టీచర్ "మూసీ వరదలు" అని ఇస్తే అది టాపిక్ మాత్రమే, ప్రశ్న కాదు. "1908 వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి ఏం కట్టారు? అది ఇప్పటికీ పనిచేస్తోందా?" అని అడిగితే ప్రశ్న అవుతుంది. ప్రశ్న చిన్నదైతే ఏం చదవాలో, ఏం వదిలేయాలో దానంతటదే తెలుస్తుంది.

రెండోది, ఒక్క చోట చదివి ఆగకపోవడం. 1908 సెప్టెంబరు 28న వచ్చిన ఆ వరదలో 15 వేల మంది చనిపోయారని చాలా చోట్ల ఉంటుంది, కొన్ని చోట్ల 50 వేలు అని కనిపిస్తుంది. పెద్ద అంకె రాసేస్తే ప్రాజెక్టు ఘనంగా కనిపించొచ్చు. నిజాయితీ ఏంటంటే రెండూ రాసి, ఏది ఎక్కడ దొరికిందో చెప్పడం. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయన్న సంగతి రాసినా అంతే, ఎక్కడ చదివారో పక్కనే నోట్ చేసుకోవాలి. ఏఐ చెప్పినా ఇదే లెక్క. అది ఏదైనా పుస్తకం పేరు చెబితే, అసలు ఆ పుస్తకం ఉందో లేదో చూశాకే వాడుకోవాలి.

మూడోది, కాళ్లకి పని చెప్పడం. ఒకప్పుడు ఆసఫియా లైబ్రరీగా పేరున్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డునే ఉంది. ఆ వరదలో కొమ్మలు పట్టుకున్నోళ్ల ప్రాణాలు నిలబెట్టిందని చెప్పుకునే చింతచెట్టు ఆ పక్కనే, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఒక్క ఆదివారం చాలు.

మన ఇళ్లలో ఇంకో ఖజానా ఉంది. తెలుగు, ఇంగ్లిష్ మీడియం పిల్లలు చాలామందికి ఉర్దూ చదవడం రాదు, దాదా దాదీలకు వచ్చు. ఆ వరదలో తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకుని ఒక్కడే మిగిలిన కవి అంజద్ హైదరాబాదీ రాసింది ఉర్దూలోనే. దాదీ చదివి అర్థం చెబితే, మనవరాలు తెలుగులో రాసుకోవచ్చు. 2000 ఆగస్టు వరదని కళ్లారా చూసిన వాళ్లయితే ప్రతి బస్తీలో ఉన్నారు. ప్రశ్నలు ముందే రాసుకుని వెళ్లాలి, చెప్పినవాళ్ల పేరు, తేదీ నోట్ చేసుకోవాలి. జ్ఞాపకం తప్పొచ్చు కాబట్టి పాత పేపర్లతో సరిచూసుకోవాలి.

అమ్మీ, అబ్బా చేయాల్సింది ఫైలు నింపడం కాదు. "ఇది నీకెవరు చెప్పారు? వాళ్లకెలా తెలుసు?" అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు.

2024లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద అధికారులు ఎర్ర గుర్తులు పెట్టినప్పుడు, చాలా కుటుంబాలకు ఏ సర్వే, ఏ మ్యాపు, ఏ కాగితం అడగాలో తెలియలేదు. అలాంటి రోజున ఆ కాగితం కోసం ఎక్కడికి వెళ్లాలో తెలిసిన పిల్ల ఇంట్లో ఒకరుండాలి. ఆ అలవాటు స్కూలు ప్రాజెక్టుతోనే మొదలవ్వాలి.