ప్రోగ్రాము కర్తల హక్కు

సెంటు నేల కొనవలసి వచ్చినను మన గృహస్థులు దస్తావేజు చదువక, హద్దులు విచారింపక చేవ్రాలు చేయరు. ఆ గృహస్థులే తమ కుమారుడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో సాఫ్ట్‌వేరు ఉద్యోగమున చేరునపుడు నియామక పత్రములో జీతపు టంకె దప్ప మఱొక పంక్తి చూచుట లేదు. ఉద్యోగకాలమున నితడు రచించునదెల్ల సంస్థకే చెందునను షరతు అట్టి పత్రములం దుండుట కలదు. పగటి కొలువు ముగించుకొని, రాత్రివేళ తన యింట, తన కంప్యూటరుపై ఆ యువకుడు సరదాకు వ్రాసికొన్న పజిలు ఆట యెవరిది? ఇది పిల్లల యాటను గూర్చిన ప్రశ్నయే కదా యని కొందరు నవ్వవచ్చును. మేము నవ్వజాలకున్నాము.

1984లో మాస్కో నగరమున, సోవియెట్ శాస్త్ర పరిషత్తువారి గణన కేంద్రమున పనిచేయుచుండిన అలెక్సీ పజిత్నోవ్ ఎలెక్ట్రానికా 60 అను యంత్రముపై టెట్రిస్ అను నాటను వ్రాసెను. ఆ యంత్రమునకు బొమ్మలు గీయు శక్తి లేదు. కావున నతడు కుండలీకరణ చిహ్నములనే ప్రక్కప్రక్కన బేర్చి గడులుగా జూపెను. నాలుగేసి గడులు గల ముక్కలు, ఏడు రకములు, పైనుండి దిగుచుండును. సందు లేక నిండిన వరుస మాయమగును. అంతియే యాట. వాదీమ్ గెరాసిమోవ్ అను పదునాఱేండ్ల బాలుడు దానిని ఐబీఎం పీసీకి మార్చిన పిదప నది దేశదేశముల డెస్కుటాపుల నాక్రమించెను. 1989లో వెలువడిన నింటెండోవారి గేమ్ బాయ్ రూపమే మూడుకోట్లకు పైగా ప్రతులు అమ్ముడువోయెను. హక్కులు నడపినది ఎలోర్గ్ అను సోవియెట్ ప్రభుత్వ సంస్థ. కర్తకు రాయల్టీ ముట్టసాగినది 1996లో, హెంక్ రోజర్స్‌తో గూడి కంపెనీ నెలకొల్పిన పిమ్మట. పండ్రెండేండ్లు!

అది సోషలిస్టు రాజ్యము గనుక నట్లు జరిగినదందురేమో. అమెరికాలో 1988లో మైక్రోసాఫ్టున శిక్షణార్థిగా నుండిన వెస్ చెర్రీ, విండోస్ ప్రోగ్రాముల రచన నేర్చుకొనుటకై తన తీరికవేళల సాలిటేర్ అను పేకాటను వ్రాసెను. 1990లో విండోస్ 3.0తో గూడి అది లోకమెల్ల వ్యాపించెను. మౌసు పట్టి లాగి విడుచుట దానివలన నభ్యసించిన గుమాస్తాలు లెక్కకు మిక్కిలి. పై యధికారి దరిజేరినపుడు ఆటను మఱుగుపఱచు మీట నొకదానిని కర్త యమర్పగా కంపెనీవారు తీయించిరి. యజమానులకా మెలకువ సహజమే. ఆతనికి రాయల్టీ మాత్రము ముట్టలేదు.

మన 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ప్రోగ్రాము సాహిత్య రచనయే. ఉద్యోగ ధర్మముగా వ్రాసినదానికి, వేఱొక యొడంబడిక లేనిచో, యజమానియే ప్రథమ స్వామియని 17వ సెక్షను చెప్పుచున్నది. దీనితో మాకు తగవు లేదు. కూలి యిచ్చి దున్నించిన పొలముపంట ఆసామిదే. కాని కూలివాడు తన పెరటిలో వేసికొన్న పాదు కాయలను గూడ ఆసామి కోసికొనునా? కొలువుతో నిమిత్తము లేక వ్రాసికొన్నది కర్తదేయని చట్టమొప్పుకొనుచుండగా, చేవ్రాలొక్కటి దానిని దాటించుచున్నది.

ఈ నష్టము యువకునిది మాత్రమే కాదు. తెలుగు గళ్ళనుడికట్టునకు ప్రోగ్రాము వ్రాయవలెననుకొనుడు. మనకు ఒక గడిలో నిమిడెడు 'స్త్రీ' అను నక్షరమును యంత్రము యూనికోడు పద్ధతిని ఆఱు సంకేతములుగా నుంచుకొనును. ఇంగ్లీషు పదములకై కట్టిన ప్రోగ్రామున దానిని బెట్టినచో నక్షరము ముక్కలై చెదరిపోవును. గుణింతమెఱిగిన తెలుగువాడే కూర్చుండి దీనిని సరిదిద్దవలెను. మన యాడుపులి యాటను యంత్రమున కెక్కించుటయు నట్టి పనియే. విదేశపు బ్యాంకుల లెక్కలు వ్రాయించు కంపెనీలు వీనికై జీతములిచ్చునని మేము నమ్మజాలము. ఎవడైన నొక యువకుడు నిదుర మాని వ్రాయవలసినదే. వ్రాసినది తనదగునో కాదో తెలియనివాడు నిదుర యేల మానును?

షరతు నచ్చనిచో కొలువు మానుకొమ్మనుట సులభము. చదువునకై పొలము కుదువబెట్టిన యింటివాడు మానజాలడు. కావున నీ భారము శాసనకర్తలపై నుండవలెను. కాలిఫోర్నియా రాష్ట్రమున 1979లోనే యిట్టి శాసనము చేసిరి. యజమాని సాధనములు వాడక, పూర్తిగా తన కాలముననే ఉద్యోగి కల్పించినదానిని, అది యజమాని వ్యాపారమునకు సంబంధింపనంతవఱకు, ఏ నియామక పత్రమును లాగికొనజాలదు. సాఫ్ట్‌వేరునకు పుట్టినిల్లయిన యా రాష్ట్రమున నీ కట్టుబాటువలన కంపెనీలేవియు మూతపడలేదు. కాపీరైటు చట్టము పార్లమెంటు చేతిలోనిది. తెలుగు సభ్యులు రెండు రాష్ట్రముల భేదము మాని, ఇట్టి సెక్షను నొకదానిని మన చట్టమున జేర్పించుటకు వెంటనే పూనుకొనవలెనని కోరుచున్నాము. అందాక నియామక పత్రము చేతికి వచ్చిన దినముననే దానిని ప్లీడరుచేత చదివించి, నా తీరికవేళల స్వంత రచనలు నావియే యను పంక్తి నొకదానిని వ్రాయించుకొనుటకు ప్రయత్నింపుడు.