తెరమీది యిల్లు

పొడవు, వెడల్పు, ఎత్తు మూడును గనబడునట్లు కంప్యూటరుపై గృహనమూనాలను గీయు విద్య నేడు ఉన్నతపాఠశాలల బాలబాలికలకును సులభసాధ్యమైనది. 2000వ సంవత్సరమున వెలువడిన స్కెచప్ అను సాఫ్టువేరునందు నేలపై నొక దీర్ఘచతురస్రమును గీచి పైకి లాగినచో చాలును, గది నిలుచును. బ్లెండరు ఉచితముగనే లభించుచున్నది. ఇది వట్టి కాలహరణమని కొందఱు తలిదండ్రులును, ఇది వచ్చినచో కొలతలతోను చేతిపటములతోను పనిలేదని కొందఱు విద్యార్థులును మాతో ననుచున్నారు. ఈ రెండభిప్రాయములును సరికావని మా తలంపు.

తలిదండ్రులకు మా మనవి యేమనగా, ప్లాను కాగితమును జదువుట యెల్లవారికిని సాధ్యము కాదు. వంటయింటిలో వెలుతురు చాలదని యిల్లు కట్టిన పిదప గాని పలువురకు దెలియదు. స్థలమును, మాసమును, వేళను దెలిపినచో స్కెచప్ నీడ యెచ్చట పడునో చూపును. గోడ లేవకమునుపే యింటి యిల్లాలు లోపమును గనిపెట్టి చెప్పగలదు. ఇది స్వల్పలాభము కాదు.

ఇక విద్యార్థులకు మా యనుభవమునే చెప్పుదుము. మేము నలువది యేండ్లు దాటిన పిదప ఈ విద్య నభ్యసించితిమి. మా మొదటి నమూనాలో 3 మీటర్ల యెత్తునకు పది మెట్లమర్చి, ముచ్చటగా నున్నదని తరగతిలో జూపితిమి. అంతట నొక బాలుడు లేచి, "మాస్టారూ, ఈ మెట్లయితే మా నాయనమ్మ ఎక్కలేదండీ" అనెను. అతని తండ్రి తాపీమేస్త్రి. అదివఱకు ఆ మాట నలుగురిలో జెప్పుటకు వెనుదీయువాడు.

టేపు తెప్పించి పాఠశాల మెట్లను గొలిచి చూచితిమి. బాలుని మాటయే నిజమయ్యెను. నివాసగృహమున మెట్టు ఎత్తు 190 మిల్లీమీటరులకు మించరాదనియు, అడుగుమోపు వెడల్పు 250కి తగ్గరాదనియు భారత జాతీయ నిర్మాణ నియమావళి చెప్పుచున్నది. మా మెట్టు ఎత్తో, 300! సరిచేయగా పదునాఱు మెట్లును, నడుమ నిలుచుటకు చోటును గావలసివచ్చెను. అందులకై ప్రక్కగది కొలతనే తగ్గించితిమి. కంప్యూటరు మేమిచ్చిన సంఖ్యను తప్పక పాటించెను గాని, అది మనుష్యుని మోకాలికి తగునో తగదో చెప్పలేదు.

కావున విద్యార్థులారా, ముందు మీ యింటి గదిని టేపుతో గొలువుడు. దానిని కాగితముపై చేతితో గీయుడు. పిమ్మట కంప్యూటరుకడ గూర్చుండుడు. నమూనా ముగిసిన వెనుక మాకు జూపుటకు ముందే యొక మేస్త్రికి జూపుడు. ఇండ్లు కట్టు తండ్రులుగల బిడ్డలారా, మీకు సగము విద్య యింటనే యున్నది. దానిని జెప్పుకొనుటకు సిగ్గుపడకుడు. ఆనాడు ఆ బాలుడు సిగ్గుపడి యూరకుండినచో, మే మింకను ఆ మెట్లనే తరగతిలో బోధించుచుండెడివారము.