కారులో ఎసరు

అన్నానికి ఎసరు పెట్టటం అందరికీ తెలిసిందే. పోయిన ఆదివారం నేను కారులో ఎసరు పెట్టాను. పెట్టాలని పెట్టింది కాదు లెండి!

ఆదివారం పొద్దున పూర్ణా మార్కెట్లో కారు తోలటమంటే మాటలు కాదు. ముందు కూరగాయల ఆటో, వెనక ఉల్లిపాయల లారీ, పక్కన తోపుడుబండి. వంద గజాలు నడవటానికి పావుగంట. అంతలో వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్టు కిందనుంచి ఆవిరి! మా బావమరిది ఒక్క ఉదుటున దిగి, ''నీళ్లు పోద్దాం బావగారూ,'' అంటూ రేడియేటరు మూతమీద చెయ్యి వేశాడు.

''తియ్యకు బాబూ! మొహం కాలిపోద్ది!'' అని పక్క సందులోంచి ఒక కేక. కేక వేసింది అక్కడ షెడ్డు పెట్టుకున్న ముసలి మేస్త్రీ. మూత బిగించి ఉన్నంతసేపూ లోపలి ఒత్తిడివల్ల నీరు సుమారు 120 డిగ్రీలదాకా మరగకుండా ఆగుతుంది. మూత తీస్తే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి మొహాన చిమ్ముతుంది. ఆ కేక పడకపోతే మా బావమరిది కళ్లు ఏమయ్యేవో!

ఇంజను ఆపి, చల్లారేదాకా కూర్చున్నాం. ఈ జబ్బు పదిరోజులనాటిది. ఒక వర్క్‌షాపువారు రేడియేటరు మొత్తం మార్చాలని చెప్పి, నా జేబుకీ ఎసరు పెట్టి ఉన్నారు. ఈ మేస్త్రీ మాత్రం పనిముట్టు ముట్టలేదు. నాడి పట్టకముందే జ్వరం ఏ వేళకు వస్తుందని అడిగే వైద్యుడిలా ప్రశ్నలు వేశాడు.

''ఎప్పుడు వేడెక్కుతాది మాస్టారూ?''

''ఇలా సందుల్లో ఆగినప్పుడు.''

''బీచ్ రోడ్డులోనో?''

''ముల్లు దిగిపోతుంది.''

''ఆగినప్పుడు ఏసీ చల్లగా వస్తాదా?''

''రాదు. కదిలితే వస్తుంది.''

''మరింకేటి? గాలి ఆడటం లేదు.''

కారు పరుగెడితే ఎదురుగాలి రేడియేటరును చల్లబరుస్తుంది. ఆగితే ఆ పని ఫానుది. ఏసీ జాలీ కూడా రేడియేటరు ముందే ఉంటుంది కనుక దానికీ ఆ గాలే దిక్కు. చూస్తే ఫాను తిరగటం లేదు. బ్యాటరీనుంచి తిన్నగా తీగ కలిపితే గిర్రున తిరిగింది. ఫ్యూజు బాగానే ఉంది. పాడయింది రిలే అనే అగ్గిపెట్టెంత డబ్బీ! అది మార్చగానే ముల్లు బుద్ధిగా కూర్చుంది.

మేస్త్రీ చెప్పిన మిగతా లక్షణాలు కూడా రాస్తున్నాను, దాచుకోండి. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడో, వేగంగా పోయేటప్పుడో వేడెక్కితే, రేడియేటరు పూడిందేమో చూడాలి. బోరునీళ్లే పోస్తూంటే లోపల గార కడుతుంది; కూలెంటు వాడాలి. బయలుదేరిన కాసేపటికే వేడెక్కితే థర్మోస్టాటు తెరుచుకోవటం లేదేమో. కింద చుక్క కారకుండానే నీరు తగ్గుతూ, పొగగొట్టంలో తెల్లని పొగ ఆగకుండా వస్తూంటే, హెడ్డు గాస్కెట్టుమీద అనుమానం. ఏదైనా సరే, ముల్లు ఎర్రగీత చేరితే 'ఇల్లు దగ్గరేగా' అని తోలకండి. హెడ్డు వంగితే ఇంజను విప్పాల్సిందే. వేడి ఇంజనులో చన్నీళ్లూ పొయ్యకండి. ఫాను దగ్గర చెయ్యి పెట్టకండి. ఇంజను ఆపినా అది తిరగవచ్చు.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు 'ఎందుకు?' అని అడగమని పాఠం చెబుతున్నాను. 'ఎప్పుడు?' అని ముందు అడగాలని మేస్త్రీ నాకు చెప్పాడు.

ఇల్లు చేరేసరికి పన్నెండయింది. కూరలకోసం చూసి చూసి, మా ఆవిడ కూడా మరుగుతూనే ఉంది. ఆ మూత జోలికి మాత్రం నేను పోలేదు!