సరకును చూడుఁడు, పేరును చూడకుఁడు

కర్షకుల మాసపత్రికలో ద్రాక్షసారా ప్రసక్తి యేల యని సభ్యులలో కొందఱు ఆశ్చర్యపడవచ్చును. మద్యపానమును ప్రోత్సహించుట మా యుద్దేశము కాదు. ద్రాక్షయు రైతు పండించిన పంటయే. అది సారాగా మాఱి సంతకు వచ్చినప్పుడు దాని మంచిచెడ్డలను నిర్ణయించుటకు ఇతర దేశములవారు అవలంబించు పద్ధతిలో, మన మిరపకాయకును, పసుపునకును, ధాన్యమునకును పనికివచ్చు నీతి యొకటి కలదు. దానిని మనవి చేయుటకే ఈ వ్యాసము.

రుచి చూచువారు సారాను త్రాగరు. గాజుపాత్రలో కొంచెము పోసి, తెల్లని వస్త్రమునకు ఎదురుగ నుంచి రంగు చూతురు. పాత్రను మెల్లగ త్రిప్పి వాసన చూతురు. ఒక గుక్కెడు నోటనుంచుకొని, నాలుకపై త్రిప్పి, ఉమిసివేయుదురు. తేటదనమునకు, రంగునకు, వాసనకు, పులుపునకు, తీపికి, వగరునకు వేఱువేఱుగ మార్కులు వేసి మొత్తము కట్టుదురు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు డేవిస్ పట్టణమున ఏర్పఱచిన 20 మార్కుల పట్టిక యిట్టిదే. బాగున్నదని ఒక్క మాట చెప్పి యూరకుండక, దేనికెంత యని విడఁదీసి వ్రాయుట ఇందలి గుణము. ఇంతకంటెను ముఖ్యమైన నియమము మఱియొకటి కలదు. సీసాపై నున్న పేరు రుచి చూచువారికి కనఁబడరాదు.

ఈ నియమము విలువ యెట్టిదో 1976 మే 24వ తేదీన పారిసు నగరమున జరిగిన పరీక్ష లోకమునకు తెలిపెను. స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లేయ వర్తకుఁడు అమెరికాలోని కాలిఫోర్నియా సారాలను ఫ్రాన్సు సారాలతో కలిపి, పేళ్లు మఱుగుపఱచి, ఫ్రెంచి నిపుణుల ముందుంచెను. తొమ్మండుగురు ఫ్రెంచివారి మార్కులే లెక్కకు వచ్చెను. తెల్లసారాలు పది, ఎఱ్ఱసారాలు పది; ప్రతి పదింటిలో ఆఱు కాలిఫోర్నియావి, నాలుగు ఫ్రాన్సువి. ఫ్రాన్సు సారాకు సాటి లేదని ఆ కాలమున పెక్కుమంది నమ్మకము. లెక్క కట్టి చూడఁగా, తెల్లవానిలో షాటో మాంటెలీనాకును, ఎఱ్ఱవానిలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్‌కును ప్రథమస్థానము వచ్చెను. రెండును కాలిఫోర్నియావే, రెండును 1973వ సంవత్సరపు పంటవే. పేళ్లు కనఁబడియుండినచో ఈ తీర్పు వచ్చియుండెడిదా? వచ్చియుండదని మా యభిప్రాయము. ఆ నిపుణులు అన్యాయపరులు కారు. కన్ను చూచిన పేరును నాలుక మఱవలేదు, అంతియే.

పేరు మఱుగుపఱచినంత మాత్రమున తీర్పు నిర్దోషమగునని తలంపరాదు. సారా తయారుచేయుటలో స్వానుభవముగల రాబర్టు హాడ్జ్‌సన్ అను ఆచార్యుఁడు, కాలిఫోర్నియా రాష్ట్రప్రదర్శనపు పోటీలో, ఒకే సీసాలోని సారాను మూడు పాత్రలలో పోయించి, ఇతర సారాల నడుమ నిపుణులకు తెలియకుండ ఇప్పించెను. 2008లో ప్రకటించిన ఫలితములను బట్టి, ఆ మూడింటిని ఒకే తరగతిలో చేర్చఁగలిగినవారు నూటికి పదిమంది మాత్రమే. కావున పరీక్షకుని సైతము పరీక్షించుట అవసరము.

ఇఁక మన సంగతి విచారింతము. రైతు బస్తా దించఁగానే మొదట వినఁబడు ప్రశ్న “సరకెట్టిది?” అని కాదు, “ఎవరిది?” అని. పెద్దకమతము వారిదైనచో చేయి మెత్తగ పడును. కౌలుదారునిదైనచో తాలు, తేమ వెంటనే కనఁబడును. ఒక్క తరగతి తగ్గినచో ఆ రైతునకు విత్తనపు అప్పు తీఱదు. సరకునకు శ్రేణి నిర్ణయించి ముద్ర వేయుటకు 1937లోనే చట్టము చేయఁబడినది. ఆగ్‌మార్కు ముద్ర దాని ఫలమే. కాని శ్రేణి కట్టు చేయి నిష్పక్షపాతముగ నుండనిచో చట్టమేమి చేయఁగలదు?

అందుచేత ప్రతి సహకార సంఘమును ఈ నాలుగు నియమములను పాటింపవలెనని కోరుచున్నాము. మొదటిది, నమూనాపై అంకె మాత్రమే యుండవలెను. పేరు చిట్టాలో దాఁగియుండవలెను. రెండవది, ముగ్గురు పరీక్షకులు ఒకరితో నొకరు మాటలాడక తమ నిర్ణయమును వ్రాయవలెను. మూడవది, దినమున కొక నమూనానైనను వేఱొక అంకెతో మరల వారి ముందుంచవలెను. నాలుగవది, నిర్ణయము వ్రాసిన పిమ్మట రైతు ఎదుటనే చిట్టా విప్పవలెను. తేమ వంటి కొలువఁదగినదానిని యంత్రముచే కొలిచి, మిగిలినదానికే కంటిని, చేతిని నమ్మవలెను.

ఇంత తతంగమునకు తీఱిక యెక్కడిదని కార్యదర్శులు అందురు. కోఁతల దినములలో వారి కష్టమును మేమెఱుఁగుదుము. కాని అంకెచీటి అంటించుటకు పట్టు కాలము, తరగతిని గుఱించి తగవు తీర్చుటకు పట్టు కాలముకంటె తక్కువయే. రైతులకును మా మనవి యొకటి. బస్తా మూతికడ మంచికాయ పోసి అడుగున తాలు దాఁచువాఁడు, పేరుచూచి తరగతి కట్టువానికంటె మేలైనవాఁడు కాఁడు. వానివలన పొరుగువాని మంచిసరకు సైతము అనుమానము పాలగును.

ఫ్రాన్సు దేశమున మరొస్సాన్ గ్రామపు ద్రాక్షరైతులు 1901లోనే సహకార సంఘముగ ఏర్పడి తమ సారాను తామే అమ్ముకొనసాగిరి. కలసి అమ్ముకొనువారికి ఒకరి సరకుపై నొకరికి నమ్మకము ముఖ్యము. ఆ నమ్మకము తక్కెడకడను, తరగతికడను పుట్టవలెను. రాఁబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును చర్చకు తెత్తురుగాక.