కోటా లెక్కలలో కొండ ఊసేదీ?

రాజమహేంద్రవరం: గోదావరి జిల్లాలలో వైద్య కళాశాలలకు కొదవ లేదు. కాకినాడ రంగరాయ కళాశాల 1958 నాటిది. రాజానగరం, అమలాపురం, ఏలూరులలో ప్రైవేటు కళాశాలలు వెలిశాయి. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరులకు ప్రభుత్వ కళాశాలలూ వచ్చాయి. అయినప్పటికీ ఈ నగరానికి సుమారు 85 కిలోమీటర్ల దూరాన ఉన్న మారేడుమిల్లికి, ఆపై ఘాట్ రోడ్డు దిగితే వచ్చే చింతూరుకు వైద్యుణ్ని పంపడం, పంపినవారిని నిలుపుకోవడం ఏ ప్రభుత్వానికైనా కత్తిమీద సామే.

ఇందుకు పాలకులు కొంత దండోపాయం, కొంత దానోపాయం ప్రయోగిస్తూ వచ్చారు. నిర్బంధ గ్రామీణ సేవపై 2014లో జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగారు. సేవా బాండ్లు చెల్లుతాయని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. ఇక దానోపాయం పీజీ సీట్లలో ఇన్‌సర్వీస్ కోటా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నిర్ణీత కాలం పనిచేసిన వైద్యుడికి ప్రవేశంలో ప్రత్యేక వాటా లభిస్తుంది.

క్లినికల్ విభాగాలలో ఈ కోటాను 30 నుంచి 15 శాతానికి కుదిస్తూ 2024 జులైలో జీవో 85 వెలువడగానే వైద్యులు భగ్గుమన్నారు. చర్చల అనంతరం అది 20 శాతమైంది. 2025లో కోటాతోపాటు గిరిజన ప్రాంత భత్యం కోరుతూ మళ్లీ ఆందోళన సాగింది. వైద్యుల కోరికలో న్యాయం లేకపోలేదు. పట్టణాన్ని వదిలి కొండకు వెళ్లినవారికి చదువుకునే దారి కూడా మూసివేస్తే ఎవరు వెళ్తారు?

అయితే వివాదమంతా శాతాల చుట్టూనే తిరిగింది. ఈ కోటాపై రాష్ట్రాలకు అధికారం ఉందని 2020 ఆగస్టు 31న తీర్పు చెప్పిన రాజ్యాంగ ధర్మాసనం, పీజీ ముగించినవారు గ్రామీణ, గిరిజన, కొండ ప్రాంతాలలో కొన్నేళ్లు పనిచేసేలా బాండు రాయించుకోవాలని కూడా చెప్పింది. ఈ రెండో మాట చర్చలో అంతగా వినిపించలేదు. పీజీ అంటే మూడేళ్లు. అది పూర్తయి నిపుణుడైన వైద్యుడు పెద్దాసుపత్రిలోనే స్థిరపడితే కోటా అతనికి కొండ దిగే మెట్టు అవుతుందే గాని మన్యానికి ఒరిగేది స్వల్పం.

నిపుణులను విడివిడిగా నియమించినా చిక్కే. మత్తు వైద్యుడు లేనిచోట స్త్రీవైద్య నిపుణురాలు ఒక్కరే సిజేరియన్ చేయలేరు. గర్భిణిని అర్ధరాత్రి రాజమహేంద్రవరానికో కాకినాడకో తరలించక తప్పదు. 2022 జులై నాటి వరద వస్తే చింతూరు, కూనవరం వాసులకు ఆ దారీ ఉండదు. పీజీలో చేర్చుకునేటప్పుడే తిరిగి పనిచేయాల్సిన ఆసుపత్రి పేరును బాండులో రాయించి, ఈ రెండు పోస్టులనూ జంటగా భర్తీ చేయడానికి అదనపు కోటా అక్కరలేదు. కావలసిందల్లా ఆసుపత్రి ఆవరణలో రెండు క్వార్టర్లు, ఎన్నాళ్లకు బదిలీ అవుతుందో ముందే తెలిపే కాగితం.