సీసపుబిళ్ళ యెల్ల నాణెము కాదు

గోల్కొండ వజ్రములని లోకము కొనియాడిన వానిలో పరిటాల గనులవియు కలవు. నేటికిని తొలకరి పడినంతనే గుడిమెట్ల వైపు చేలలో జనము వంగి రాళ్లు వెదకుచుందురు. మెఱపునకై వెదకు కంటికి మెఱవనిది ఆనదు. మన్నుపట్టిన సీసపుబిళ్ళ దొరకినచో, అది కరగి వలగుండగుటయో, ‘శాతవాహన నాణెము’ అను పేరుతో బడి అద్దాలబీరువా చేరుటయో జరుగును. రెండవది కొంత మేలే గాని, పేరు పెట్టుట వేఱు, గుర్తించుట వేఱు.

ఈ సీమలో ఆ ఊహ నిరాధారము కాదు. శాతవాహనులు సీసముతో విరివిగా నాణెములు ముద్రించిరి. ఏనుగు, గుఱ్ఱము, ఉజ్జయినీ చిహ్నము గల అట్టివి కృష్ణాతీరమున దొరకినవి. అయినను సీసమును ముద్రించినవారు రాజులు మాత్రమే కారు.

మధ్యయుగపు ఐరోపాలో నేతబట్టను కొలిచి, నాణ్యము పరీక్షించి, సుంకము ముట్టినదనుటకు గుర్తుగా అంచున సీసపుముద్ర వేయువారు. ఇంగ్లండులో ఈ సుంకపు తనిఖీ 1724 వఱకు సాగెను. ముద్ర యనగా సన్నని పట్టీతో కలిసిన రెండు బిళ్ళలు. ఒకదానికి మొల, రెండవదానికి రంధ్రము. బట్ట అంచు నడుమ నుంచి, పట్టీని మడచి, మొలను రంధ్రమున దూర్చి, అచ్చుతో మోదుదురు. కావున అంచున విఱిగిన పట్టీ మొదలు, నడుమ మొల బొడిపె కనబడినచో అది నాణెము కాదు. లోపలి వైపున ఒక్కొక్కప్పుడు పడుగుపేకల అచ్చు కూడ నిలిచియుండును. బట్ట మన్నయి వందల యేండ్లయినను దాని నేత సీసముపై చదువవచ్చును! పైనున్న గుర్తు ఊరిని చెప్పును. దేవదారుజాతి చెట్టు కాయయు, రోమనులిపి ‘ఏ’ అక్షరమును గల ముద్ర జర్మనీలోని ఆగ్స్‌బర్గు నేతవారిది. లండను మట్టిలోను అవి దొరకినవి. బ్రిటిషు మ్యూజియములోని ముద్రలకు జెఫ్రీ ఈగన్ కూర్చిన పట్టిక 1994లో వెలువడినది.

ఐరోపా బట్టకు పరిటాల మన్నుతో పనియేమి యనవచ్చును. గణపతిదేవుని మోటుపల్లి శాసనపు (1244–45) సుంకముల జాబితాలో సీసము, పట్టునూలు రెండును కలవు. 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నమున దిగి, తమ దేశపు ఉన్నిబట్టలను అమ్మజూచెను. కంపెనీవారును తమ సరకు బేళ్లకు సీసపుముద్రలు వేసిరి. మచిలీపట్నము నుండి గోల్కొండకు పోవు బాట ఈ మెట్టసీమ మీదుగానే సాగెను. కావున ఇచ్చట అట్టి ముద్ర దొరకినచో మధ్యయుగపుదనుటకు ముందు కంపెనీ కాలపుదేమో యని చూచుట న్యాయము.

చేటు తెచ్చునది అజ్ఞానము కాదు, అతిశ్రద్ధ. బిళ్ళను చింతపండుతో తోమి, గోరుతో గీకి, తళతళలాడించి ప్రదర్శనకు పెట్టినచో పడుగుపేకల అచ్చు ఆ తోముటలోనే పోవును. ఉపాధ్యాయుడు చేయింపదగినది వేఱు: తోమక తూచుట, రెండు వైపులను బొమ్మ గీయించుట, చేను సర్వేనంబరు, దొరకిన లోతు వ్రాయించుట. సీసము విషము కనుక పిల్లలు చేతులు కడుగుకొనవలెను. నేలలో దొరకిన నిక్షేపపు విలువ పది రూపాయలు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. విలువ యెంతయో పాతసామాను కొట్టువాడు గాక పురావస్తుశాఖవారే చెప్పవలెను.