పత్తి మీద 11 శాతం సుంకం పోతే ప్రకృతి రైతుకేంటి?

పైన వీడియోలో మీరు చూసింది మా పత్తి చేనే. జూలూరుపాడు దాటి అడవి వైపు పోతే వస్తుంది. కంది సాళ్లు, చుట్టూ జొన్న, జీవామృతం ఎప్పుడెప్పుడు పారించామో అన్నీ అందులో చెప్పాను. ధర సంగతి మాత్రం వీడియోలో తెగలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మనలో చాలామంది ఒక మాట అంటారు. "మనం యూరియా కొనం, పురుగుమందు కొనం, విత్తనం కూడా దాచుకుంటాం. అమెరికా వాడు సుంకం వేస్తే మనకేంటి, తీస్తే మనకేంటి?" నేనూ నిన్నమొన్నటి దాకా అన్నాను. ఈ ఏడు పత్తి అమ్మాక ఆ మాట వెనక్కి తీసుకున్నా.

ముందు జరిగింది చూడండి. 2021 బడ్జెట్‌లో దిగుమతి పత్తి మీద కేంద్రం సుంకం పెట్టింది. కస్టమ్స్ 5 శాతం, వ్యవసాయ సెస్సు 5 శాతం, వాటి మీద సర్‌ఛార్జీ, అన్నీ కలిపి 11 శాతం. 2025 ఆగస్టు 19 నుంచి సెప్టెంబర్ 30 దాకా దాన్ని ఎత్తేశారు. ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసింది. మర్నాడే మన వాళ్ళు పత్తి మినహాయింపును డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అంటే వాళ్ళు మన బట్టల మీద సుంకం పెంచారు, మనం వాళ్ళ పత్తి మీద సుంకం తీసేశాం. మన దగ్గర కొత్త పత్తి మార్కెట్‌కి వచ్చేది అక్టోబర్ నుంచి. సుంకం లేని రోజులూ మన తీత రోజులూ సరిగ్గా ఒకటే అయ్యాయి.

ఇప్పుడు చిన్న లెక్క. దూదిని మిల్లుల వాళ్ళు క్యాండీల్లో లెక్కేస్తారు, క్యాండీ అంటే 356 కిలోలు. విదేశీ దూది ఓడరేవులో క్యాండీ 50 వేలకి దిగిందనుకుందాం. 11 శాతం అంటే 5,500 రూపాయలు. క్వింటా పత్తి జిన్నింగ్ చేస్తే 34 కిలోల దాకా దూది వస్తుంది, కాబట్టి క్యాండీకి పదిన్నర క్వింటాళ్ల పత్తి కావాలి. 5,500ని పదిన్నరతో భాగించండి. క్వింటాకి 520 పైచిలుకు వస్తుంది.

మేం 14 మంది రైతులం కలిసి అమ్ముకునే ప్రకృతి పత్తికి మా కొనుగోలుదారు ఇచ్చే అదనం ఎంతో తెలుసా? మార్కెట్ ధర మీద క్వింటాకి 500. మూడేళ్లు మందు ముట్టకుండా, కలుపు చేత్తో తీసి సంపాదించుకున్న అదనం అది. ఢిల్లీలో ఒక కాగితం మారితే దాదాపు అంతే బరువు అటు వైపు పడుతుంది. సుంకం పోయినంత మాత్రాన ఆ 520 మొత్తం మన ధరలోంచే తెగిందని నేను అనను. ప్రపంచ ధరలే తక్కువగా ఉన్నాయి, పైగా అక్టోబర్ చివర్లో మోంథా తుపాను వానకి చేలోనే పత్తి తడిసింది. కానీ పడే ధరని ఆపాల్సిన రోజున ఆపేది లేకుండా పోయింది.

మా వాళ్ళకి జరిగింది ఇదీ. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 ఉండేది. తేమ 12 శాతం దాటితే ఆ ధరకి కొనరు, అది రూలు. మాలో సగం మందిది తడిసిన పత్తి, కొందరిది కౌలు భూమి, కాగితాలు లేవు. బయట వ్యాపారులు 6,300 అడిగారు. మా ఒప్పందం ప్రకారం దాని మీద 500 కలిపితే 6,800. పక్క చేలో మందులు కొట్టి పండించి, ఎండబెట్టి మద్దతు ధరకి అమ్ముకున్న అన్నకి మాకంటే 1,300 ఎక్కువ వచ్చింది. వచ్చే ఏడు కూడా మందు లేకుండానే వేద్దామని మా రైతులకి ఏ మొహంతో చెప్పాలి?

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. అవతలి దేశం అన్యాయంగా వ్యాపారం చేస్తే సుంకం వేయడం సబబేనా? పత్తి విషయంలో సబబే అంటాను. అమెరికా తన పత్తి రైతుకి ధర పడితే ప్రభుత్వ సొమ్ముతో పూడుస్తుంది. ఇది మన ఫిర్యాదు మాత్రమే కాదు. 2002లో బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఇదే కేసు వేసి గెలిచింది. గెలిచినా ఏళ్ల తరబడి పూర్తిగా సరిచేయలేదు. ప్రతీకార సుంకాలు వేసుకోవచ్చని 2009లో అనుమతి వచ్చి, బ్రెజిల్ వేయడానికి సిద్ధపడ్డాకే అమెరికా బేరానికి కూర్చుంది. 2010లో ఏడాదికి 14.73 కోట్ల డాలర్ల లెక్కన ఇస్తానంది, 2014లో 30 కోట్ల డాలర్లు ఇచ్చి కేసు ముగించుకుంది. అదే బాధ మీద 2003లో బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి కూడా అడిగాయి. వాళ్ళ చేతిలో సుంకం బలం లేదు. ఇంకా అడుగుతూనే ఉన్నారు.

అట్లాగని ప్రతి సుంకమూ న్యాయం కాదు. అమెరికా మన మీద వేసిన 50లో సగం మనం రష్యా నూనె కొంటున్నామని వేసింది. ఏ రైతుకి జరిగిన అన్యాయానికి అది జవాబు?

మిల్లుల వాళ్ళ బాధ కూడా నిజమే. అమెరికా సుంకం దెబ్బకి తిరుప్పూర్‌లో ఆర్డర్లు ఆగితే రేపు మన దూది కొనేవాడే ఉండడు. కానీ ఎగుమతి చేసేవాళ్ళకి అడ్వాన్స్ ఆథరైజేషన్ పథకం కింద సుంకం లేకుండా ముడిసరుకు తెచ్చుకునే దారి ముందు నుంచే ఉంది. అందులో తిప్పలుంటే ఆ తిప్పలు తీసేయాలి. 32 మిల్లీమీటర్లు దాటిన పింజకి 2024 ఫిబ్రవరిలోనే సుంకం తీసేశారు, నాకు అభ్యంతరం లేదు, అది మనం పెద్దగా పండించేది కాదు. మిల్లుకి సాయం కావాలంటే ఖజానా నుంచి చేయాలి, రైతు ధరలోంచి కాదు.

2022లో కూడా ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా సుంకం తీశారు. అప్పుడు ఎవరం పెద్దగా అరవలేదు. ధర బాగా ఎక్కువ ఉంది, మన పంట అప్పటికే అమ్ముడైపోయింది. అందుకే నేను అడిగేది ఒక్కటే. సుంకం ఉంటుందో పోతుందో జూన్‌లో విత్తు పెట్టకముందే చెప్పండి, తీత అయ్యేదాకా మార్చకండి. దిగుమతి ధర మన మద్దతు ధర లెక్కకంటే కింద ఉన్నంతకాలం సుంకం ఉండాలి, దాటితే తీసేయండి. పంట మధ్యలో దడి పీకితే, అసలు దడి లేనివాడికంటే దడిని నమ్ముకున్నవాడే ఎక్కువ నష్టపోతాడు.

మన వైపు నుంచి కూడా ఒక హెచ్చరిక. సుంకం పంటని కాపాడుతుంది, నేలని కాపాడదు. అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ చూడండి. 2024 సెప్టెంబర్‌లో ముడి నూనె మీద సుంకం పెంచాక గెలల ధర టన్ను 20 వేలు దాటింది. రైతుకి మంచిదే, నేను కాదనను. మరి ఆ ధర చూసి జీడిమామిడి తోటలు కొట్టేసి, బోర్లు వేసి గెలలు పెట్టినవాళ్ళ సంగతేంటి? 2025 మే చివర్లో ఆ సుంకాన్ని సగం చేశారు. మొక్క పెడితే పాతికేళ్లు ఉంటుంది, సుంకం తొమ్మిది నెలలు కూడా నిలవలేదు. సుంకాన్ని చూసి పంట ఎంచుకోకండి.

ఢిల్లీ మన మాట ఎప్పుడు వింటుందో తెలియదు గానీ, మన చేతిలో ఉన్న పని ఒకటుంది. మా ఒప్పందంలో "మార్కెట్ ధర మీద 500" అని రాసుకోవడం నా తప్పే. డిప్లొమా చదివినవాణ్ణి, లెక్క చూసుకోవాల్సింది. వచ్చే ఏడు కాగితంలో "మద్దతు ధర మీద 500, మార్కెట్ అంతకంటే ఎక్కువుంటే మార్కెట్ మీద 500" అని ఉంటుంది. ఒప్పుకోని కొనుగోలుదారుకి పత్తి ఇవ్వం, ఆ మేరకు కంది, జొన్న పెంచుకుంటాం. 14 మందిలో 11 మంది ఇప్పటికే సరే అన్నారు.

మీ ఒప్పందాల్లో ఏం రాసుందో ఈ రాత్రి ఒకసారి తీసి చూడండి. ఈ ఏడు మీ ఊళ్లో పత్తి ఎంతకి పోయింది, తేమ ఎంత చూపించారు, వీడియో కింద రాయండి. పది ఊళ్ల లెక్క ఒకచోట ఉంటే, అడిగేటప్పుడు మన మాటకి బరువుంటుంది.